లాటిను చదువు – లాటిను క్లబ్బు

“ఎవ్వరును మాటాడని భాషను నేర్చుకొనుట వలన ప్రయోజనమేమి?” లాటిను ప్రసక్తి వచ్చినప్పుడెల్ల మొట్టమొదట వినవచ్చు ప్రశ్న ఇదియే. ప్రశ్న న్యాయమైనదే. విద్యార్థి దశ స్వల్పకాలికము. చదువవలసిన గ్రంథములు అనేకములు. పరీక్షలు, ఉద్యోగములు, కుటుంబ భారములు ఎదుట నిలిచియున్నవి. అట్టి స్థితిలో రెండు వేల యేండ్ల నాటి రోము నగర భాషకై కాలము వెచ్చింపుమని ఎవరైనను సలహా యిచ్చినచో, అందులకు తగిన కారణము చూపవలసిన బాధ్యత వారిదే. ఈ వ్యాసమున మేము ఆ బాధ్యతను స్వీకరించుచున్నాము. లాటిను ప్రధానముగా ఐరోపా, అమెరికా పాఠశాలలలో బోధింపబడుచున్న భాష. అయినను ఉర్దూ విద్యార్థులును తెలుగు విద్యార్థులును ఒకే బల్లపై కూర్చుండి చదువుకొను మన కళాశాలలో దానిని గూర్చి ముచ్చటించుట అసందర్భము కాదని వ్యాసము ముగియునప్పటికి పాఠకులే గ్రహింపగలరని మా విశ్వాసము.

లాటిను ఎట్టి భాష?

ఇటలీ దేశమున టైబరు నదీతీరమునందలి లాటియము అను చిన్న ప్రాంతపు భాష లాటిను. రోము నగరము సామ్రాజ్యమైన కొలది ఈ భాషయు విస్తరించెను. పశ్చిమ రోమను సామ్రాజ్యము క్రీ.శ. 476లో అంతరించినను భాష అంతరింపలేదు. సామాన్య జనుల నోట అది క్రమముగా మారి ఇటాలియను, స్పానిషు, పోర్చుగీసు, ఫ్రెంచి, రుమేనియను భాషలుగా రూపొందెను. పండితుల చేతిలో మాత్రము పాత రూపముననే నిలిచి మతమునకు, న్యాయమునకు, వైద్యమునకు, విజ్ఞానమునకు వాహికయయ్యెను. భూమి సూర్యుని చుట్టు తిరుగుచున్నదని కోపర్నికసు 1543లో ప్రకటించినది లాటినులోనే. గురుత్వాకర్షణ సిద్ధాంతమును న్యూటను 1687లో ప్రకటించినదియు లాటినులోనే. మన దేశమున సంస్కృతమును, పారశీకమును శతాబ్దముల తరబడి నిర్వహించిన పాత్ర ఎట్టిదో, ఐరోపాలో లాటిను నిర్వహించిన పాత్ర అట్టిది.

తెలియకయే వాడుచున్న లాటిను

లాటిను మనకు సంబంధము లేని భాషయని తలచువారు ఒక్క దినపత్రికను చేతబట్టిన చాలును. సభ్యులు తగినంత మంది రాకపోవుటచే ‘కోరం’ లేక సభ వాయిదాపడినదని చదువుదుము. ‘ఎజెండా’ అనగా చేయవలసిన పనులు. ‘అఫిడవిట్’ అనగా ‘అతడు ప్రమాణపూర్వకముగా చెప్పెను’ అని అర్థము. విద్యాసంస్థలలో నిత్యము వినబడు ‘కరికులం’ అను పదమునకు పరుగు, పరుగుపందెపు బాట అని అర్థము. పరీక్షల ముందు మన స్థితిని తలచుకొన్నచో ఆ పేరు సార్థకమే యనిపించును!

‘ఎక్స్‌గ్రేషియా’ అను మాటను కొంత నిలిచి చూడవలెను. ప్రమాదములలో మృతుల కుటుంబములకు ప్రభుత్వము ఎక్స్‌గ్రేషియా ప్రకటించినదని తరచుగా వార్తలు వచ్చుచుండును. ఆ పదమునకు ‘దయతో’ అని అర్థము. అనగా ఇచ్చువాడు చట్టరీత్యా తనకు బాధ్యత కలదని ఒప్పుకొనక, అనుగ్రహముగా ఇచ్చుచున్న సొమ్మని భావము. హక్కుగా రావలసిన నష్టపరిహారము వేరు, దయగా వచ్చు ధనము వేరు. ఈ భేదము తెలియని కుటుంబము మొదటిదానిని అడుగుటయే మరచి రెండవదానితో తృప్తిపడవచ్చును. ఒక్క పదమునకు అర్థము తెలియుట ఎంత ప్రయోజనకరమో ఇంతకంటె నిదర్శనము వేరొకటి కావలయునా?

మన రాజ్యాంగపు 32వ అధికరణము పేర్కొనిన ఐదు రిట్ల పేర్లకును మూలము లాటినే. అందు కొన్నిటి అర్థములు గమనింపుడు. ‘హేబియస్ కార్పస్’ అనగా ‘దేహము నీ వద్ద ఉండవలెను’. నిర్బంధించిన మనిషిని న్యాయస్థానము ఎదుట నిలుపుమని భావము. ‘మాండమస్’ అనగా ‘మేము ఆజ్ఞాపించుచున్నాము’ అని. ‘కో వారంటో’ అనగా ‘ఏ అధికారముతో?’ అని, అర్హత లేకయే పదవిలో కూర్చున్న వానిని అడుగు ప్రశ్న అది. పౌరశాస్త్ర విద్యార్థులు ఈ పేర్లను కంఠస్థము చేయుదురు. అర్థము తెలిసినచో కంఠస్థము చేయవలసిన అవసరమే ఉండదు.

ఇక వైద్యుని చీటీని చూడుడు. ‘బి.డి.’ అని వ్రాసిన రోజునకు రెండుసార్లు, ‘టి.డి.ఎస్.’ అని వ్రాసిన మూడుసార్లు మందు వేసికొనవలెను. ఇందలి ‘బి’ లాటిను ‘బిస్’, అనగా రెండుసార్లు. ‘టి’ లాటిను ‘తెర్’, అనగా మూడుసార్లు. సంస్కృతమున ఇవియే ‘ద్విః’, ‘త్రిః’. ఇవి యాదృచ్ఛికమైన పోలికలు కావు. ఒకే వంశపు గుర్తులు.

వృక్షశాస్త్రమున లాటిను వాడుక మరింత ఆసక్తికరము. వేపచెట్టు శాస్త్రీయనామము ‘అజాదిరక్టా ఇండికా’. ఇందలి మొదటి పదము పారశీక భాషయందలి ‘ఆజాద్ దరఖ్త్’, అనగా స్వేచ్ఛా వృక్షము. చింతచెట్టు ‘టామరిండస్ ఇండికా’. ఇది అరబ్బీ ‘తమర్ హిందీ’, అనగా భారతదేశపు ఖర్జూరము. మామిడి ‘మాంజిఫెరా ఇండికా’. దక్షిణ దేశపు ‘మాంగా’ అను పేరునకు ‘మోయునది’ అను లాటిను ప్రత్యయము చేరినది. మన పెరటి చెట్లు మూడును మూడు భాషల పేర్లకు లాటిను దుస్తులు తొడిగికొని ప్రపంచమున సంచరించుచున్నవి.

మన విద్యార్థులకు గల సౌలభ్యము

ఆంగ్ల బాలునకు లాటినులో మిక్కిలి కష్టమైన అంశములు రెండు. నామవాచకము విభక్తిని బట్టి రూపము మారుట ఒకటి. క్రియ సాధారణముగా వాక్యాంతమున వచ్చుట రెండవది. ఈ రెండును మనకు ఉగ్గుపాలతో వచ్చినవే! ఒక చిన్న లాటిను వాక్యమును చూడుడు: ‘అగ్రికొలా పుఎల్లై రొసమ్ దత్.’ దీనిని పదమునకు పదముగా తెలుగు చేసినచో ‘రైతు బాలికకు గులాబీని ఇచ్చును’ అగును. ఉర్దూలో ‘కిసాన్ లడ్కీ కో గులాబ్ దేతా హై’. పదముల వరుస మూడింటను ఒక్కటే. ఆంగ్లమున మాత్రము వరుస తారుమారు చేయక తప్పదు. అంతేకాదు, ‘గులాబీని బాలికకు రైతు ఇచ్చును’ అన్నను మన తెలుగున అర్థము చెడదు, లాటినులోనూ చెడదు. ‘కు’, ‘ని’ అను ప్రత్యయములు మనకు చేయు సేవను లాటినులో పదాంతములు చేయుచున్నవి. విభక్తుల పట్టికను చూచి ఇతర దేశముల బాలురు బెదరుదురు గాని, చిన్నయసూరి వ్యాకరణమును ఒకసారియైన తిరుగవేసిన తెలుగు విద్యార్థి బెదరవలసిన పని లేదు.

పదముల పోలిక మరియొక సౌలభ్యము. తండ్రిని లాటినులో ‘పాతెర్’ అందురు. సంస్కృతమున ‘పితృ’, పారశీకమున ‘పిదర్’. పేరునకు లాటినులో ‘నోమెన్’. సంస్కృతమున ‘నామ’, పారశీక ఉర్దూలలో ‘నామ్’. దంతమునకు లాటిను మూలరూపము ‘దెంత్’, పారశీకమున ‘దందాన్’. అగ్ని ‘ఇగ్నిస్’, ఏడు ‘సెప్తెమ్’, మన ‘సప్త’, పారశీకపు ‘హఫ్త్’. ఉర్దూవారి ‘హఫ్తా’ ఈ ఏడు నుండి పుట్టినదే. 1786వ సంవత్సరమున కలకత్తాలో సర్ విలియం జోన్స్ సంస్కృత, గ్రీకు, లాటిను భాషలు ఒకే మూలము నుండి పుట్టినవై యుండవలెనని చెప్పి, పారశీకమును కూడ ఆ కుటుంబమున చేర్చవచ్చునని సూచించెను. తెలుగు ద్రావిడ కుటుంబమునకు, అరబ్బీ సెమిటికు కుటుంబమునకు చెందినవి. అవి ఈ వంశములోనివి కావు. కాని తెలుగు సంస్కృత పదములను, ఉర్దూ పారశీక పదములను సమృద్ధిగా స్వీకరించుటచే, లాటిను నేర్చుకొను మన విద్యార్థులకు ఇరువైపుల నుండియు చుట్టములు ఎదురువచ్చుచుందురు.

ఒక జేబు కథ

త్రికోణమితిలో ‘సైన్’ అను మాట చదువని గణిత విద్యార్థి లేడు. దాని చరిత్ర ఏ కథకును తీసిపోదు. భారతీయ గణితజ్ఞులు అర్ధజ్యను సంక్షేపముగా ‘జ్యా’ అనియు ‘జీవా’ అనియు వ్యవహరించిరి. అరబ్బు పండితులు మన గణితమును స్వీకరించి ఆ పదమును తమ లిపిలో ‘జీబ’ అని వ్రాసికొనిరి. అరబ్బీ లిపిలో హ్రస్వాచ్చులు సాధారణముగా వ్రాయబడవు. కావున తరువాతి వారు దానిని ‘జైబ్’ అని చదివిరి. ‘జైబ్’ అనగా వస్త్రపు మడత. ఉర్దూలోను తెలుగులోను మనము వాడు ‘జేబు’ ఆ మాటయే. 12వ శతాబ్దమున అరబ్బీ గ్రంథములను లాటినులోనికి అనువదించిన పండితులు ఆ మడతను తమ భాషలో ‘సైనస్’ అనిరి. అదియే నేటి ‘సైన్’. సంస్కృతపు వింటినారి అరబ్బీ జేబులో పడి, లాటిను మడతలో దాగి, ఆంగ్లము ద్వారా తిరిగి మన నల్లబల్ల మీదికి వచ్చినది!

‘అల్‌జబ్ర్’ నుండి బీజగణితపు ఆంగ్లనామమును, అల్ ఖ్వారిజ్మీ పేరు లాటినులో ‘అల్గోరిత్మి’ యగుట వలన నేడు కంప్యూటరు విద్యార్థులు పలుకు ‘అల్గారిదం’ అను మాటయు ఇట్లే ఏర్పడినవి. స్పెయినులోని టొలెడో నగరమున క్రెమోనా వాస్తవ్యుడగు గెరార్డు ఇబ్న్ సీనా వైద్యగ్రంథమును లాటినులోనికి తెచ్చెను. తరువాత ఐరోపా వైద్యవిద్యార్థులు శతాబ్దముల పాటు దానిని చదివిరి.

మన రెండు భాషలకు లాటినుతో గల నేరు సంబంధము ఒకటి కలదు. బెంజమిన్ షుల్ట్‌జె అను జర్మను మిషనరీ మద్రాసులో నివసించుచు 1728లో తెలుగు వ్యాకరణమును లాటిను భాషలో రచించెను. అది 1984 వరకు అచ్చుకాలేదు. ఆయనయే హిందుస్తానీ భాషకును లాటినులో వ్యాకరణము రచింపగా, అది 1745లో జర్మనీలోని హాలె పట్టణమున ముద్రింపబడెను. అందు హిందుస్తానీ పదములు పారశీక లిపిలోనే ఈయబడినవి. ఒకే చేతితో, ఒకే లాటినులో, తెలుగునకును ఉర్దూ పూర్వరూపమునకును వ్యాకరణములు వెలువడినవన్నమాట. ఆ గ్రంథములను చదివి అందలి తప్పొప్పులను నిర్ణయింప వలసిన వారము మనమే గదా! లాటిను రానిచో ఆ పని మరియొకరు చేసిపెట్టు వరకు వేచియుండవలసినదే.

ఒక అపోహ

లాటినును ప్రశంసించువారు కొందరు అది మెదడునకు వ్యాయామమనియు, దానిని నేర్చినవానికి సమస్త విద్యలును సులభమగుననియు చెప్పుదురు. నిజము చెప్పవలెనన్నచో పరిశోధనలు ఈ మాటను బలపరచుట లేదు. అమెరికా మనోవైజ్ఞానికుడు థార్న్‌డైక్ 1924లో వేలాది విద్యార్థులను పరీక్షించి, లాటిను చదివిన వారి ఆలోచనాశక్తి ఇతర విషయములు చదివిన వారికంటె ప్రత్యేకముగా పెరుగలేదని తేల్చెను. జర్మనీలో 2003లో ప్రకటింపబడిన మరియొక పరిశోధనలో, స్పానిషు నేర్చుకొనుటకు పూర్వము లాటిను చదివినవారికంటె ఫ్రెంచి చదివినవారే వ్యాకరణదోషములు తక్కువగా చేసిరని తేలినది.

కావున లాటిను సర్వరోగ నివారిణి కాదు. అది ఒక తాళపుచెవి. ఏ తలుపునకు తాళమున్నదో ఆ తలుపునే అది తెరచును. న్యాయము, వైద్యము, వృక్షశాస్త్రము, చరిత్ర, భాషాశాస్త్రము, ఐరోపా సాహిత్యము – వీని ద్వారములను తెరచుకొనదలచినవానికి అది నిజముగా ఉపకరించును. తాళపుచెవిని జేబులో వేసికొని తిరిగినంత మాత్రమున ఇల్లు మనది కాదు.

క్లబ్బు ఎందులకు?

తాళపుచెవి చేతికి వచ్చుటకు ఒకటి రెండు సంవత్సరముల ఓర్పు అవసరము. వీథిలో మాటాడువారు లేని భాష గనుక పాఠశాల గడప దాటగనే మరపునకు వచ్చును. మార్కులు ఎక్కువ వచ్చునని ద్వితీయభాషగా సంస్కృతమునో మరియొక ప్రాచీనభాషనో ఎన్నుకొని, పరీక్ష ముగిసిన మరునాడే మరచిపోవుట మనలో ఎందరికో అనుభవమే. ఈ లోపమునకు పాశ్చాత్య పాఠశాలలు కనుగొన్న ఉపాయమే లాటిను క్లబ్బు.

అమెరికాలో 1936లో ‘జూనియర్ క్లాసికల్ లీగ్’ అను విద్యార్థి సంస్థ స్థాపింపబడెను. పాఠశాలలలోని లాటిను క్లబ్బులు దీనికి శాఖలుగా పనిచేయుచున్నవి. 1954లో టెక్సాసు రాష్ట్రమునందలి శాన్ ఆంటోనియో నగరమున మొదటి జాతీయ సమావేశము జరిగెను. విద్యార్థులే తమ కార్యవర్గమును ఎన్నుకొందురు. ‘కెర్తామెన్’ అను పోటీ వీరికి ప్రాణము. లాటినులో ఆ మాటకు పోటీయనియే అర్థము. జట్టునకు నలుగురు చొప్పున కూర్చుండి, వ్యాకరణము, పురాణము, రోము చరిత్ర మొదలగు వానిపై ప్రశ్న వినిన వెంటనే గంట మీటనొక్కి సమాధానము చెప్పవలెను. ఇవి గాక నాటకములు, వక్తృత్వము, రోమను వేషధారణ, రథముల పందెములు, నాటి వంటలతో విందులు మొదలగునవి కలవు. తరగతిలో కుర్చీ వెనుక దాగు బాలుడు ఇచ్చట జట్టు కొరకు నోరు విప్పును. పై తరగతి వారు క్రింది తరగతి వారికి పాఠము చెప్పుదురు. చెప్పుట వలన తామే మరింత నేర్చుకొందురు. అవధానమును చూచి పద్యములపై మక్కువ పెంచుకొన్నవారికి, ముషాయిరాలో కూర్చుండి ఉర్దూ కవిత్వమున రుచి మరగినవారికి ఈ రహస్యము క్రొత్తది కాదు. భాష పుస్తకమున నిద్రించును, సభలో మేల్కొనును.

ఎవరి సొత్తు?

ఇంత మేలైన విద్య ఎవరికి అందుచున్నది? ఇంగ్లండులో 1960 ప్రాంతము వరకు ఆక్స్‌ఫర్డు, కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయముల ప్రవేశమునకు లాటిను తప్పనిసరి. ఆ నియమము తొలగగనే సామాన్య పాఠశాలలు లాటినును విడనాడినవి. సంపన్నుల పాఠశాలలు విడువలేదు. 2020 నాటి బ్రిటిష్ కౌన్సిల్ సర్వే ప్రకారము, దిగువ ఉన్నత తరగతులలో లాటిను బోధించుచున్న ప్రభుత్వ పాఠశాలలు 2.7 శాతము మాత్రమే. ప్రైవేటు పాఠశాలలు 49 శాతము. ఈ అంతరమును తగ్గించుటకు అచటి ప్రభుత్వము 40 లక్షల పౌండ్ల పథకమును 2021లో ప్రకటించి, 2022 నుండి సుమారు 40 ప్రభుత్వ పాఠశాలలలో ప్రారంభించెను. కాని ఖర్చు తగ్గింపు పేర 2025 ఫిబ్రవరిలో, విద్యాసంవత్సరము మధ్యలోనే, దానిని ముగించిరి. సగము పాఠములలో నున్న పేద బాలబాలికలకు ఎట్టి నష్టము కలిగెనో ఊహింపవచ్చును. ధనికుల పిల్లల లాటిను తరగతులు మాత్రము నిరాటంకముగా సాగుచునే యున్నవి.

ఇందు మనకు గల పాఠము స్పష్టము. ప్రాచీనభాష నిరుపయోగమని పేదవానికి బోధించు లోకమే, తన బిడ్డలకు దానిని రహస్యముగా చదివించుకొనును. న్యాయస్థానపు పదములు, ఔషధముల పేర్లు, శాస్త్రముల పరిభాష కొందరికే అర్థమగుచున్నంత కాలము తక్కినవారు ఆ కొందరి ఎదుట చేతులు కట్టుకొని నిలువవలసినదే.

మన కర్తవ్యము

మన కళాశాలలో లాటిను అధ్యాపకులు లేరు. లాటిను శాఖను తెరువుడని మేము కోరుటయు లేదు. కాని క్లబ్బు పెట్టుకొనుటకు ఎవ్వరి ఉత్తరువును అవసరము లేదు. వారమునకు ఒక గంట, గ్రంథాలయమున ఒక మూల, ఒక నల్లబల్ల ఉన్న చాలును. బల్లపై నాలుగు గడులు గీచి, లాటిను, సంస్కృతము, పారశీకము, ఆంగ్లము అని శీర్షికలు వ్రాయవలెను. వారమునకు పది పదములు. తెలుగు విద్యార్థులు సంస్కృతపు గడిని, ఉర్దూ విద్యార్థులు పారశీకపు గడిని నింపగలరు. లాటిను గడిని ఉభయులును కలిసి నింపవచ్చును. స్వయముగా నేర్చుకొనగోరువారికి డెన్మార్కు దేశీయుడు హాన్స్ ఆర్బెర్గు రచించిన వాచకము ఉన్నది. అది మొదటి పుట నుండి చివరి పుట వరకు లాటినులోనే సాగును. చిత్రముల సహాయముతో, సులభ వాక్యముల నుండి క్రమక్రమముగా చదువరిని ముందుకు నడిపించును.

ఈ క్లబ్బు వలన లాటిను పండితులు కొందరే తయారుకావచ్చును. ఐనను మరియొక ప్రయోజనము తప్పక సిద్ధించును. ఒకే ప్రాంగణమున చదువుకొనుచు, ఒకరి లిపి మరియొకరికి తెలియక, ఒకరి సాహిత్యసభకు మరియొకరు పోక దూరముగా మెలగు మనము, మూడవ యింటి గుమ్మమున కలిసికొని, ‘నామ’, ‘నామ్’, ‘నోమెన్’ ఒక్కటే యని ఆశ్చర్యపడుదుము. పరాయి భాషయని తలచినదాని వద్దకు పోయి మన చుట్టరికమును మనము తెలిసికొని వచ్చుట కంటె మేలైన విద్యాఫలము వేరేమి కావలెను?

విద్యార్థి మిత్రులారా! రానున్న విద్యాసంవత్సరారంభమున ఆ నల్లబల్లను సిద్ధపరచుటకు మేము పూనుకొనుచున్నాము. మొదటి వారపు మొదటి పదము ‘సైనస్’. ఆ గడులను నింపుటకు మీరును రండు. మీ జేబులో ఒక సుద్దముక్క ఉంచుకొని రండు.